వ్యాధి ఎవరి కర్మ?

మానవుడు ఒక అహోరాత్రములో 21,600 మారులు శ్వాసించునని మన పెద్దలు లెక్క కట్టిరి. నిమిషమునకు పదునైదు శ్వాసల చొప్పున గుణించినచో ఈ లెక్క సరిపోవును. విశ్రాంతిగా నున్న మనుష్యుడు నిమిషమునకు పండ్రెండు మొదలు ఇరువది మారులు శ్వాసించునని నేటి వైద్యులును చెప్పుచున్నారు. వీనిలో ఒక్క శ్వాసనైనను మనము కొనుట లేదు, రేపటికని దాచుకొనుట లేదు. అన్నము ఒక పూట మానవచ్చును. ఏకాదశినాడు నీరు సైతము ముట్టనివారు కలరు. ఊపిరిని మానుట మాత్రము ఎవరికిని శక్యము కాదు. గాలి చెడినదని ముక్కునకు తెలిసినను పీల్చక తప్పదు. కనుకనే గాలిని చెడగొట్టినవానికిని, ఆ గాలిని పీల్చినవానికిని గల సంబంధమును ధర్మదృష్టితో విచారింపవలసి యున్నది.

భగవద్గీత పదునైదవ అధ్యాయమున శ్రీకృష్ణపరమాత్మ తాను ప్రాణుల దేహములందు వైశ్వానరాగ్నిగా నుండి, ప్రాణాపానములతో కూడి అన్నమును పచనము చేయుచున్నట్లు తెలిపెను. లోనికి పోవు ఊపిరియు, వెలికి వచ్చు ఊపిరియు స్వామి సన్నిధిలో జరుగు కైంకర్యములే. అట్టి ఊపిరికి నెలవైన ఊపిరితిత్తికి క్యాన్సర్ సోకినప్పుడు లోకము వెంటనే వేయు ప్రశ్న ఒకటి కలదు: "ఏ జన్మలో ఏమి పాపము చేసినదో!" ఈ మాట జాలితో పుట్టినను, వినువారి గుండెలో ములుకువలె దిగును. ఈ మాట శాస్త్రసమ్మతమా కాదా అనునదియే ఇక్కడి విచారము.

పటాన్‌చెరు సీమ

హైదరాబాదునుండి ముంబయికి పోవు రహదారిపై లింగంపల్లి, రామచంద్రాపురములు దాటిన పిదప పటాన్‌చెరు వచ్చును. కల్యాణి చాళుక్యుల కాలమున పొట్టలకెరె అను పేరుతో ప్రసిద్ధికెక్కిన పట్టణము ఇదియేయని చరిత్రకారులు చెప్పుదురు. చెరువు పేరిట వెలసిన ఆ ఊరి చుట్టును 1970 దశకము మొదలు పారిశ్రామికవాడలు పెరిగినవి. పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము, ఖాజీపల్లి, గడ్డపోతారము, బొంతపల్లి మున్నగు ఊళ్ళ భూములలో మందుల కర్మాగారములు, రసాయన కర్మాగారములు, లోహపు కర్మాగారములు లేచినవి. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడువరకు ఇదియంతయు మెదక్ జిల్లాలోని భాగము. ఇక్కడి ఔషధములు దేశదేశములకు పోవుచున్నవి. వేల కుటుంబములు ఈ కర్మాగారముల నాశ్రయించి అన్నము తినుచున్నవి. ఈ మేలును చెప్పక కీడును మాత్రమే చెప్పుట న్యాయము కాదు.

కీడును దాచుటయు న్యాయము కాదు. కర్మాగారముల మురుగు నక్కవాగులో కలిసి మంజీరలోనికి ప్రవహించినది. ఈ ప్రాంతపు కాలుష్యముపై 1990లో సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము దాఖలైనది. 2001లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు పారిశ్రామికవాడ మన్నును పరీక్షించి, అందులో క్రోమియము, ఆర్సెనిక్ మొదలైన ధాతువులు ఉండదగినదానికంటె మిక్కుటముగా నున్నవని ప్రకటించిరి. 2007లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు ఇక్కడి ఉమ్మడి మురుగుశుద్ధి కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షింపగా, శుద్ధియైన పిదప సైతము లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు అందులో కనబడినది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గాలి, నీరు, నేల మూడింటిని కలిపి లెక్కించి, దేశములో అతితీవ్రముగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతములలో పటాన్‌చెరు–బొల్లారమును చేర్చినది.

నీటి సంగతి కంటికి కనబడును. చేపలు తేలినప్పుడు, బావినీరు రంగు మారినప్పుడు ఊరందరికి తెలియును. గాలి సంగతి అట్లు కాదు. రాత్రివేళ వాసన వచ్చును, తెల్లవారునప్పటికి పోవును. అది లోపల ఏమి చేసిపోయినదో తెలియుటకు ఇరువది ముప్పది సంవత్సరములు పట్టవచ్చును.

ఊపిరితిత్తిలో జరుగునది

కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు తమ్మెలు కలవు. గాలిగొట్టము చెట్టువలె కొమ్మలై, రెమ్మలై, తుదకు కోట్లకొలది చిన్న గాలితిత్తులలో ముగియును. ఈ గొట్టముల లోపలి పొరపై కంటికి కనబడని నూగువంటి రోమములు కలవు. అవి ఎడతెగక కదలుచు, జిగటతో చిక్కిన ధూళిని గొంతువైపు నెట్టుచుండును. పొగ సోకినకొలది ఈ రోమములు మొదట మందగించును, పిదప నశించును. అప్పుడు ధూళియు, విషమును లోపలనే నిలుచును.

దేహములోని ప్రతి కణమునకు పుట్టుక, పని, మరణము అను క్రమము కలదు. ఆ క్రమమును వ్రాసియుంచిన సూత్రము కణము నడుమ నుండును. పొగలోని విషములు దానిని మరలమరల గాయపరచును. దేహము మరలమరల సరిదిద్దుకొనును. ఒకప్పుడు దిద్దుబాటు తప్పును. తప్పులు ఒకదానిపై నొకటి చేరినపుడు కణము చావవలసిన వేళ చావక, ఆగవలసిన చోట ఆగక పెరుగును. పొర స్వరూపము మారును. మారిన పొర వికృతి చెందును. వికృతి కొంతకాలము అచ్చటనే నిలిచి, ఒకనాడు హద్దు దాటి లోపలి కండలోనికి చొచ్చును. రసగ్రంథులగుండను, రక్తముగుండను కాలేయమునకు, ఎముకలకు, మెదడునకు పాకును. మన సుశ్రుతుడు దేహమున పుట్టు గడ్డలలో అర్బుదమును వేరుగా వర్ణించెను. పాశ్చాత్యులు దీనికి ఎండ్రకాయ పేరు పెట్టిరి. పట్టినచోట గోళ్ళు దించుటయే దాని గుణము.

నాలుగు విధములు

వైద్యులు దీనిని మొదట రెండుగా విభజింతురు. చిన్నకణముల క్యాన్సర్ ఒకటి. నూటికి సుమారు పదునైదు మందిలో కనబడును. ఇది ధూమపానముతో మిక్కిలి గాఢముగా ముడిపడినది. వేగముగా వ్యాపించును. కనుగొనునప్పటికే చాలమందిలో ఇతరావయవములకు చేరియుండును. తక్కినదానిలో మూడు విధములు ముఖ్యములు. గాలిగొట్టముల నడిమి భాగమున, పొలుసులవంటి కణములనుండి పుట్టునది ఒకటి. ఇదియు పొగ త్రాగువారిలో హెచ్చు. ఊపిరితిత్తి అంచులలో, జిగటను స్రవించు కణములనుండి పుట్టునది రెండవది. దీనిని అడినోకార్సినోమా అందురు. నేడు మన దేశమున ఎక్కువగా కనబడుచున్నది ఇదియే. ఎన్నడును పొగ త్రాగనివారిలోను, స్త్రీలలోను వచ్చు క్యాన్సరులో ఇదియే అధికము. ఈ రెంటికిని చెందని పెద్దకణముల క్యాన్సర్ మూడవది. ఏ విధమైనదో తెలియుటకు చిన్న ముక్క తీసి పరీక్షింపవలెను. చికిత్స అంతయు ఆ పరీక్షపై ఆధారపడి యుండును.

2022వ సంవత్సరమున ప్రపంచమంతట సుమారు 24 లక్షల 80 వేల మందికి ఈ వ్యాధి క్రొత్తగా బయటపడినది. సుమారు 18 లక్షల మంది మరణించిరి. క్యాన్సరులలో ఇంతమందిని బలిగొన్నది మరొకటి లేదు.

కారణములు

కారణములలో పొగాకు మొదటిది. ఇంగ్లండులో డాల్, హిల్ అను వైద్యులు 1950లో రోగులను విచారించి, సిగరెట్టునకును ఈ వ్యాధికిని గల సంబంధమును చూపిరి. పొగాకు పొగలో క్యాన్సరు పుట్టించు పదార్థములు డెబ్బదికి పైగా కలవు. పొగ త్రాగనివానికంటె త్రాగువానికి అపాయము పదునైదు మొదలు ముప్పది రెట్లు వరకు ఉండును. బీడీ చిన్నది గనుక దోషమును చిన్నదని కొందరి భ్రమ. తునికాకు చుట్టినంతమాత్రమున పొగాకు తన స్వభావమును విడువదు.

రెండవది పరుల పొగ. భర్త సిగరెట్టు త్రాగుచుండగా, తాను త్రాగని భార్యకు సైతము ఈ వ్యాధి హెచ్చుగా వచ్చుచున్నదని జపాను దేశపు హిరయామా 1981లో లోకమునకు తెలిపెను. మూడవది వృత్తి. జర్మనీలోని ష్నీబెర్గ్ గనులలో పనిచేయువారిని పీడించు వింత వ్యాధి ఊపిరితిత్తుల క్యాన్సరేయని 1879లోనే వైద్యులు గుర్తించిరి. గనులలోని రేడాన్ అను వాయువు దానికి కారణమని పిదప తెలిసినది. ఆస్‌బెస్టాస్ నార, రాతిపొడి, ఆర్సెనిక్, క్రోమియము, నికెల్ మున్నగునవియు ఈ వరుసలోనివే. నాలుగవది బయటి గాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిలు పొగను, 2013లో బయటి వాయుకాలుష్యమును క్యాన్సరు కలిగించువానిలో చేర్చినది. బొగ్గుతోను కట్టెలతోను మూసిన వంటయింట వంట చేయువారి ఊపిరికిని అపాయము కలదు. పుట్టుకతో వచ్చిన దేహస్వభావము, వయస్సు కూడ కొంత కారణము.

ఈ జాబితాను చదివినవారికి ఒక సంగతి తోచవలెను. వీనిలో బీడీ, సిగరెట్టు మాత్రమే త్రాగువాని చేతిలోనివి. తక్కినవి ఒకరు చేసిన పనికి మరొకరి ఊపిరి ఇచ్చిన వెల.

కూరేశుని సమాధానము

ఇస్నాపూరులో ఒక గృహిణి కలదనుకొందము. ఆమె జన్మలో బీడీ ముట్టలేదు. శనివారము ఒంటిపూట, ధనుర్మాసమున తిరుప్పావై, ఏడాదికొకసారి తిరుమల యాత్ర; ఇది ఆమె జీవితము. ఆమెకు ఈ వ్యాధి వచ్చినది. చూడవచ్చినవారు పండ్లు పెట్టి, పోవుచు గడపలో నిలిచి, పూర్వజన్మ పాపమని గుసగుసలాడిరి. ఆమె విన్నది. నాటినుండి వ్యాధికంటె ఆ మాటయే ఆమెను హెచ్చుగా బాధించినది. తాను చేయని, తనకు గుర్తులేని అపరాధమునకు ఆమె రాత్రులు క్షమాపణ కోరుకొనుచున్నది.

ఇటువంటి సందర్భమున వైష్ణవులు ఎట్లు నడువవలెనో కూరత్తాళ్వానుల చరిత్రము తెలుపుచున్నది. శైవాభిమానియైన చోళరాజు భగవద్రామానుజులను పట్టి తెమ్మని ఆజ్ఞాపించినపుడు, కూరేశులు ఆచార్యుల కాషాయమును తాము ధరించి సభకు పోయి, కన్నులను కోల్పోయిరి. ఏండ్లు గడచి, రామానుజులు శ్రీరంగమునకు మరలి వచ్చి, ఇంతటి మహాత్మునకు ఈ ఆపద ఏల కలిగినదని దుఃఖించిరి. అప్పుడు కూరేశులు, ఎప్పుడో ఎవరో ఒక భాగవతుని నుదుటి తిరుమణి వంకరగా నున్నదని తాను మనసులో తలచియుందునని, ఆ దోషమునకు ఇది ఫలమని సమాధానమిచ్చిరని గురుపరంపర చెప్పుచున్నది.

ఇందు రెండు సంగతులు గమనింపదగియున్నవి. తన బాధకు తన కర్మను కారణముగా చెప్పినవారు బాధపడుచున్న కూరేశులే. అది వారి వినయము. రామానుజులు ఆ మాట విని, అట్లయిన అనుభవింపుమని ఊరకుండలేదు. కాంచీపురము పోయి వరదరాజస్వామిని స్తుతించి చూపును వేడుమని పంపిరి. కర్మసిద్ధాంతమును రామానుజులకంటె లోతుగా తెలిసినవారెవరు? తెలిసియు వారు శిష్యుని కర్మను లెక్కింపక, ఉపశమనమును వెదకిరి. కూరేశులు వరదుని సన్నిధిలో, తమ కన్నులు పోవుటకు కారకుడైన నాలూరానునకు సైతము సద్గతిని కోరిరి.

కనుక కర్మసిద్ధాంతము అద్దమువంటిది. ఎవరి ముఖము వారు చూచుకొనుటకు అది ఉపయోగపడును. రోగి తనంతట తాను చూచుకొన్న అది వైరాగ్యమునకు దారితీయవచ్చును. పక్కవారు బలవంతముగా రోగి ముఖమునకు పట్టినచో అది భాగవతాపచారమగును. పైగా ఏ ఫలము ఏ కర్మది అను లెక్క సర్వేశ్వరుడొక్కడే ఎరుగును. ఆ లెక్క తనకు తెలిసినట్లు గడపలో నిలిచి పలుకుట ఈశ్వరుని పీఠముపై కూర్చొనుటకు సమానము.

ఆత్రేయుని ఉపదేశము

ఇక్కడ వేరొక ప్రశ్న పుట్టును. ఆమె అనుభవించునది ఆమె ప్రారబ్ధమే యైనచో, పొగ వదలినవాడు నిమిత్తమాత్రుడే కదా, అతనికి దోషమేమి? ఈ వాదము వినుటకు వేదాంతమువలె నుండును. ఒకడు మరొకని తలపై కఱ్ఱతో కొట్టి, నీ ప్రారబ్ధము నా చేతిగుండ పండినదని చెప్పినచో ఏ న్యాయాధిపతియు ఒప్పుకొనడు. ఏ స్మృతియు ఒప్పుకొనదు. దెబ్బ తినుట తినినవాని పాతకర్మ ఫలమే కావచ్చును. కొట్టుట మాత్రము కొట్టినవాని క్రొత్తకర్మ. ఒకరి ప్రారబ్ధము మరొకరి ఆగామికి క్షమాపత్రము కానేరదు.

ఆయుర్వేదము ఈ విషయమును ఇంకను స్పష్టముగా చర్చించినది. చరకసంహిత విమానస్థానము మూడవ అధ్యాయమున జనపదములు నశించుటను గూర్చిన సంవాదము కలదు. కాంపిల్యమున గంగాతీరమందు పునర్వసు ఆత్రేయుడు శిష్యులతో సంచరించుచుండగా అగ్నివేశుడు ప్రశ్నించెను: మనుష్యుల దేహప్రకృతులు వేరు, ఆహారములు వేరు, బలములు వేరు, వయస్సులు వేరు, అట్టివారందరును ఒకే కాలమున ఒకే వ్యాధిచేత ఎట్లు నశించుచున్నారు? ఆత్రేయుడిట్లు వివరించెను: మనుష్యులలో వేరువేరు భావములున్నను, అందరికిని సమానమైనవి నాలుగు కలవు, గాలి, నీరు, దేశము, కాలము. ఇవి చెడినచో అందరును చెడుదురు. చెడిన గాలి లక్షణములలో దుర్గంధమును, ఆవిరిని, ధూళిని, పొగను ఆ మహర్షి పేర్కొనెను.

ఈ నాలుగును చెడుటకు మూలమేమని మరల అడుగగా, అధర్మమే మూలమనియు, ఆ అధర్మము తెలిసియు తప్పు చేయు ప్రజ్ఞాపరాధమునుండి పుట్టుననియు, దేశమునకు, నగరమునకు, వర్తకసంఘములకు పెద్దలైనవారు ధర్మమును అతిక్రమించినపుడు వారి నాశ్రయించినవారందరును ఆ దోషమును పెంచుదురనియు చెప్పెను. రోగముతో పడకపైనున్న వానిని ఆత్రేయుడు ముందుగా వేలు చూపలేదు. గాలి నీళ్ళకు కావలియుండవలసిన పెద్దలను చూపెను. పటాన్‌చెరు సీమను గూర్చి నేటివారెవరో వ్రాసినట్లుండును గాని, ఇది మన పూర్వుల వాక్కే.

ఒక ఆక్షేపణ మిగిలియున్నది. ఫలానా ఊపిరితిత్తి ఫలానా పొగగొట్టము వలననే చెడినదని ఎవరు చెప్పగలరు? నిజమే. పది గొట్టముల పొగ, లారీల పొగ, కట్టెపొయ్యి పొగ, పక్కింటివాని బీడీపొగ ఒకే గాలిలో కలిసిన పిదప ఇది నీది, ఇది నాది అని విడదీయుట అసాధ్యము. న్యాయస్థానమున ఈ సందేహము ప్రతివాదికి మేలు చేయవచ్చును. అంతర్యామి యెదుట అది పనికిరాదు. పదిమంది కలిసి ఒక బావిలో తలా పిడికెడు విషము చల్లినపుడు, త్రాగి చచ్చినవాని కడుపులోనిది ఎవరి పిడికిలిదో తేలకున్నను, పదుగురి చేతులును విషము చల్లిన చేతులే.

పుణ్యము పాపమును కొట్టివేయునా?

ఈ సీమలో తయారైన మందులు ఎక్కడెక్కడి రోగులనో బ్రతికించుచున్నవి. అట్టి పుణ్యమున్నపుడు కొంత పొగ వలని దోషము అందులో కొట్టుకొనిపోదా అని అడుగువారు కలరు. కర్మఫలము వర్తకుని ఖాతాపుస్తకమువంటిది కాదు. పుణ్యమునకు పుణ్యఫలము, పాపమునకు పాపఫలము వేరువేరుగా అనుభవింపవలసినదే. మందు వలన బ్రతికినవాడు అమెరికాలోనో, ఆఫ్రికాలోనో ఉన్నాడు. పొగ పీల్చినవాడు కర్మాగారపు గోడ కావల గుడిసెలో ఉన్నాడు. అతని ఊపిరి పోగా మిగిలిన లోటు ఇతని బ్రతుకు వలన తీరదు. రోగము పోగొట్టు వస్తువును రోగము పుట్టింపకుండ తయారుచేయు ఉపాయము ఉన్నపుడు, ఖర్చునకు వెరచి దానిని మానుటయే ప్రజ్ఞాపరాధము.

స్వామి సన్నిధికి వచ్చు ధనవంతులలో కర్మాగారముల యజమానులును కలరు. వారి భక్తి నిజమైనదే. తలనీలాలు సమర్పించువారు, నిత్యకల్యాణము చేయించువారు, అన్నదానమునకు లక్షలిచ్చువారు కలరు. వారికి వినయముతో విన్నవింపదగినది ఒకటి కలదు. రామానుజ సిద్ధాంతమున చేతనాచేతనాత్మకమైన జగత్తంతయు శ్రీమన్నారాయణుని శరీరము. గాలియు ఆయన శరీరమే. రాత్రివేళ శుద్ధియంత్రమును ఆపి పొగను వదలినవారు, తెల్లవారి ఎవరికి తోమాలసేవ చేయించుచున్నారో ఆ స్వామి దేహముపైననే విషము చల్లినవారగుదురు. హుండీలో వేసిన ధనము అన్నదానమునకు ఉపకరించును; అది పొగను కడుగదు. పొగను కడుగు యంత్రమునకు పెట్టిన ధనమును భగవత్కైంకర్యముగా ఎంచినచో అంతకంటె మంచి కానుక లేదు.

రామానుజులు తిరుక్కోష్ఠియూరులో గురువునకిచ్చిన మాటను దాటి, మంత్రార్థమును అందరికి వినిపించి, దీనివలన పదుగురు తరించినచో తాను నరకమునకు పోవుటకైనను సిద్ధమనిరి. పరుల మేలుకొరకు తాను దోషమును భరించుట వారి మార్గము. తన లాభముకొరకు పరులచేత రోగమును భరింపజేయుట ఆ మార్గమునకు సరిగా వెనుకవైపు నడక.

పొగాకు త్రాగువారి మాట

కర్మాగారములను నిందించి చేతిలోని బీడీని మరచుటయు తగదు. పొగాకు నిషేధించిన వచనము పురాణములలో లేదని కొందరు వాదింతురు. పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చి సుమారు నాలుగు శతాబ్దులైనది. లేనిదానిని ఋషులెట్లు నిషేధింతురు? చరకుడు ధూమపానమును చెప్పెను గదా అనువారును కలరు. అది మూలికలతో చేసిన వర్తి. నియమిత కాలమున, నియమిత మాత్రతో వాడు ఔషధము. దానికిని దీనికిని పేరులో తప్ప పోలిక లేదు. దేహము భగవంతుని ఆలయమని నమ్మినవారికి ఆలయమున విషధూపము వేయవలదని వేరొక వచనము అక్కరలేదు.

అలవాటునకు చిక్కినవానిని మాత్రము పాపియని త్రోసిపుచ్చుటయు ధర్మము కాదు. పొగాకులోని నికోటిన్ మనసును కట్టివేయును. రాత్రి పాళీలో పండ్రెండు గంటలు నిలుచువానికి బీడీ ఒక్కటే విశ్రాంతియై యుండవచ్చును. మానినవారికి ఆశ కలదు. మానిన పది సంవత్సరములకు ఈ క్యాన్సరు అపాయము, మానక త్రాగువానితో పోల్చిన, ఇంచుమించు సగమునకు తగ్గును. మాలధారణము చేసి నలుబదియొక్క దినములు పొగ ముట్టనివారు మన ఊళ్ళలో వేలకొలది కలరు. నలుబదియొక్క దినములు సాధ్యమైనది నలుబదిరెండవ దినమున అసాధ్యమెట్లగును?

ఆచరణము

భక్తగృహములు చేయదగినవి కొన్ని కలవు. ఇంటిలోను, దర్శనపు వరుసలోను, వాహనములోను పొగ త్రాగకుండుట. బహిరంగ స్థలములలో ధూమపానమును 2008 అక్టోబరు 2 నుండి ప్రభుత్వము నిషేధించియున్నది. అది చట్టమే కాక పరహింస మానుటయు నగును. వంటయింట పొగ బయటికి పోవు దారి ఉంచుట. పూజాగృహమున ధూపము వేసినపుడు కిటికీ తెరచుట; మూసిన గదిలో పొగ, పేరు ఏదైనను, పొగయే.

మూడు వారములు దాటిన దగ్గును, కఫములో రక్తపు జీరను, మానని బొంగురు గొంతును, కారణము లేని కృశత్వమును ఉపేక్షింపరాదు. మన దేశమున క్షయ విస్తారము గనుక, ఛాయాచిత్రములో మచ్చ కనబడిన వెంటనే క్షయయని భావించి నెలల తరబడి ఆ మందులు వాడి, కాలము పోగొట్టుకొనువారు కలరు. కఫపరీక్షలో క్షయ తేలకున్నను, మందునకు గుణము కనబడకున్నను, సి.టి. స్కాన్, ముక్క పరీక్ష చేయించుమని వైద్యుని అడుగవలెను. హైదరాబాదులో 1955లో స్థాపితమైన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి నేటికిని పేదలకు చికిత్స చేయుచున్నది. తొలిదశలో కనుగొన్నచో శస్త్రచికిత్సతో నయమగుటకు అవకాశము కలదు. అడినోకార్సినోమాలో కొందరికి, కణపరీక్ష ననుసరించి, నోటి మాత్రలతోనే కొన్ని సంవత్సరములు ఉపశమనము కలుగుచున్నది. మ్రొక్కు మ్రొక్కవలెను, మందును వాడవలెను. వైద్యుని చేతిలోని ఔషధమును ధన్వంతరి ప్రసాదముగా స్వీకరించినవానికి ఈ రెంటికిని విరోధము తోచదు.

రోగి ఇంటికి పోవువారు ఫలములతో పాటు మంచిమాటను గొనిపోవలెను. ఏమి పాపము చేసితివని అడుగుటకు బదులు, ఆసుపత్రికి ఎవరు తోడు వచ్చుచున్నారని అడుగవలెను. పాపపుణ్యముల విచారము చేయవలెనని తోచినచో, తిరిగి వచ్చు దారిలో తన చేతి పొగను, తన వాహనపు పొగను, తాను చూచియు పలుకక ఊరకున్న ఊరి పొగను తలచుకొనవలెను. కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ వ్రాయుట, గ్రామసభలో నోరు తెరచుట కూడ అట్టివేళ భూతహితమైన ధర్మమే.

అందరి ఊపిరిలోను నిలిచియున్న శ్రీమన్నారాయణుడు రోగులకు ధైర్యమును, వైద్యులకు నేర్పును, ధనవంతులకు దయను, పాలకులకు మెలకువను అనుగ్రహించుగాక. మంజీరాతీరపు బిడ్డలు తమ 21,600 శ్వాసలను నిర్భయముగా పీల్చుదురుగాక.

స్వస్తి.